పీట అడిగిన దొర: కుమాసీ యాత్ర

బుధవారం

ఘనా రాజధాని అక్రా నుంచి కుమాసీకి దాదాపు 250 కిలోమీటర్లు. మ్యాప్ చూస్తే నాలుగు గంటల దారిలా కనిపిస్తుంది. రోడ్డు పనులు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, ఎర్రమట్టి దుమ్ము, వీటన్నిటినీ దాటుకుని పొద్దున్నే ఎక్కిన బస్సు దిగేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ కూడా దాటిపోయింది. మా తమ్ముడు టెమా రేవులో ఉద్యోగం చేస్తాడు. "అక్కా, ఘనా వచ్చినవాళ్ళందరూ సముద్రపు కోటలు చూసి వెళ్ళిపోతారు. నువ్వు మాత్రం కుమాసీ చూడాలి, అది మగ్గాల సీమ" అని ఎప్పటినుంచో పోరుతున్నాడు. మాది చీరాల. మా ఇంట్లో మగ్గం ఆగిపోయి చాలా ఏళ్ళయింది గానీ, మగ్గం మాట వింటే కాళ్ళు ఆగవు.

దారిలో బస్సు ఆపిన చోట కాల్చిన అరటికాయలూ వేరుశనగపప్పూ అమ్మే ఆవిడ మమ్మల్ని పేరు అడగలేదు, ఏ వారం పుట్టారని అడిగింది. మాకిద్దరికీ తెలియదు. తమ్ముడు ఫోన్‌లో పాత క్యాలెండర్ తీసి చూశాడు. వాడు బుధవారం, నేను గురువారం. అయితే వాడు క్వాకు, నేను యా. కుమాసీ సీమలో ఉండేది అసాంటే జాతి. వాళ్ళలో ప్రతి బిడ్డకూ పుట్టిన వారమే మొదటి పేరు. ఆదివారమైతే క్వాసి లేదా అకోసువా, శుక్రవారమైతే కోఫీ లేదా అఫియా, శనివారమైతే క్వామే లేదా అమా. ఘనా తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా శనివారం పిల్లాడన్నమాట. మన పల్లెల్లోనూ సోమయ్యలూ మంగమ్మలూ ఉన్నారు కదా అనుకున్నాను. క్వాకు అనగానే ఆవిడ పకపకా నవ్వింది. ఇక్కడి కథల్లో జిత్తులమారి సాలెపురుగు అనాన్సే ఉంటాడు, అతనూ బుధవారమే పుట్టాడట. ప్రయాణం పొడుగునా తమ్ముడికి ఆ నవ్వులు తప్పలేదు.

చర్చి ఈ పేర్ల పక్కన జాన్, మేరీ, ఎడ్వర్డ్ చేర్చింది. వారం పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఇంట్లో పిలిచేది దాంతోనే.

దారికి రెండు పక్కలా కోకో తోటలు. చెట్టు కాండానికే అతుక్కుని పసుపు పచ్చని కాయలు, ఇళ్ళ ముందు వెదురు తడకల మీద ఎండబోసిన గింజలు. ఈ గింజ ఇక్కడిది కాదు. 1879లో తెత్తే క్వార్షీ అనే కమ్మరి ఫెర్నాండో పో దీవి నుంచి తెచ్చి అక్వాపిమ్ కొండల్లో నాటాడని చెబుతారు. 1911 నాటికి గోల్డ్ కోస్ట్ (అప్పట్లో ఘనా పేరు అదే) ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో ఎగుమతి చేసే దేశమైంది. ఈ గింజ గురించి శుక్రవారం మళ్ళీ చెప్పాలి. అసాంటే కుటుంబాన్ని ఫిరంగుల కంటే ఎక్కువగా కదిలించింది ఇదే.

గురువారం

గురువారం భూదేవి వారం. ఆమె పేరు అససే యా, అంటే నాలాగే గురువారం మనిషి. ఆ రోజు మట్టిలో పార దింపకూడదని పాత కట్టుబాటు. పాటించేవాళ్ళు తగ్గారని డ్రైవర్ అన్నాడు గానీ, దారిలో చూసిన కర్ర పెండలం చేలల్లో చాలా వాటిలో మనుషులు లేరు.

మేం వెళ్ళింది కుమాసీకి తూర్పున ఉన్న ఎజీసుకి. ఇది బ్రిటిష్‌వాళ్ళ మీద యుద్ధం నడిపించిన యా అసాంటేవా ఊరు. ఊళ్ళో ఆమె విగ్రహం ఉంది. ఆమె పేర మ్యూజియం కూడా ఉండేది, 2004లో కాలిపోయింది.

సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. అసాంటే రాజ్యం 1701 ప్రాంతంలో కుమాసీ రాజధానిగా, ఒసేయ్ టూటూ రాజుగా, ఒకొంఫో అనోక్యే గురువుగా కుదురుకుంది. అనోక్యే ప్రార్థిస్తే ఒక శుక్రవారం ఆకాశం నుంచి బంగారు పీట దిగి రాజు ఒళ్ళో వాలిందని వాళ్ళ నమ్మకం. దాని పేరు సికా ద్వా కోఫీ. శుక్రవారం వచ్చింది కాబట్టి పీటకీ వారం పేరే పెట్టారు. జాతి మొత్తం ప్రాణం అందులో ఉందంటారు. అది నేలను తాకకూడదు. దాని మీద రాజు కూడా కూర్చోడు, పట్టాభిషేకంలో మూడుసార్లు దాని మీదుగా ఎత్తి దించుతారు, అంతే.

బ్రిటిష్‌వాళ్ళు 1874లో కుమాసీని తగలబెట్టి, రాజభవనాన్ని మందుపాతరతో పేల్చి, 50,000 ఔన్సుల బంగారం జరిమానా వేశారు. 1896లో మళ్ళీ వచ్చి చిన్న వయసులోనే గద్దెనెక్కిన అసాంటే రాజు ప్రెంపే చేత గవర్నర్ కాళ్ళు పట్టించి, అతన్నీ తల్లి యా అక్యానీ కుటుంబ పెద్దలనూ బందీలుగా తీసుకుపోయారు. యుద్ధం చేస్తే ఊరు మళ్ళీ బూడిదవుతుందని ప్రెంపే తుపాకీ ఎత్తకుండా లొంగిపోయాడు. ఆ తర్వాత 1900 మార్చి 28న గవర్నర్ ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ కుమాసీలో పెద్దలందర్నీ పోగుచేసి, విక్టోరియా రాణి ప్రతినిధిగా వచ్చిన నన్ను మామూలు కుర్చీలో కూర్చోబెడతారా, ఆ బంగారు పీట ఎందుకు తేలేదని నిలదీశాడు. వాళ్ళ రాజే కూర్చోని పీట మీద తాను కూర్చుంటానన్నాడు!

సభలో ఎవరూ ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోయి యుద్ధానికి సిద్ధమయ్యారు. మగవాళ్ళు తటపటాయిస్తుంటే ఎజీసు రాజమాత యా అసాంటేవా ముందుకొచ్చి నడిపించింది. కుమాసీ కోటలో గవర్నర్, భార్యతో సహా నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుని, జూన్‌లో ఎలాగో తప్పించుకుని తీరానికి పారిపోయాడు. చివరికి బ్రిటిష్‌వాళ్ళే గెలిచారు. యా అసాంటేవాను సీషెల్స్ దీవులకు పంపితే 1921లో అక్కడే కన్నుమూసింది. 1902 జనవరి 1న అసాంటే నేల బ్రిటిష్ రాజ్యంలో కలిసింది. పీట మాత్రం దొరకలేదు.

రాజమాత అంటే రాజుగారి అమ్మ అని మాత్రమే అనుకోకూడదు. ఆమె తల్లో అక్కో పిన్నమ్మో కావచ్చు. ప్రతి ఊరికీ రాజు ఉన్నట్టే రాజమాతా ఉంటుంది, ఆమెకూ సొంత పీట ఉంటుంది. గద్దె ఖాళీ అయితే తర్వాతి రాజు పేరు ప్రతిపాదించేది ఆమే. కొత్త పాలకులు జీతాలకీ రిజిస్టర్లకీ లెక్కలు రాసుకున్నప్పుడు రాజుల పేర్లే రాసుకున్నారు. రాజమాతల మాట వాళ్ళ కాగితాల్లోకి సరిగ్గా ఎక్కలేదు. ఆడదాని చేతిలో అంత ముట్టడి చూశాక కూడా!

ఎజీసు పక్కనే బెసేయాసేలో పాతకాలపు గుడి ఒకటి మిగిలింది. అసాంటే సంప్రదాయ కట్టడాలని యునెస్కో 1980లో గుర్తించిన వాటిలో ఇదీ ఉంది. నడిమధ్య వాకిలి, నాలుగు వైపులా నాలుగు గదులు. అచ్చం మన పాత మండువా ఇల్లే. మూడు గదులు వాకిలి వైపు గోడ లేకుండా తెరిచే ఉంటాయి. ఒకటి డప్పుల వాళ్ళకి, ఒకటి పాడేవాళ్ళకి, ఒకటి వంటకి. నాలుగోది మూసి ఉంటుంది, దేవత ఉండేది అందులో. వెదురూ కర్రలూ అల్లి మట్టి మెత్తిన గోడలు. నడుం ఎత్తు వరకు ఎర్రమట్టి పూసి నునుపుగా రుద్దారు, పైన తెల్లసున్నం. ఆ ఎరుపు మీద ఉబ్బెత్తుగా మెలికల చుట్టలు, అల్లికలు. వేలితో గీసి చూడబోతే గైడ్ చెయ్యి పట్టుకుని ఆపింది. వానలకి ఏటేటా మట్టి మెత్తుతూ ఉండాలట. 1874కు ముందు కుమాసీలో వీధికి వీధే ఇలా ఉండేది. యా అసాంటేవా యుద్ధానికి ముందు ఈ గుడికే వచ్చి అడిగిందని గైడ్ చెప్పింది.

రాత్రి ఫుఫు తిన్నాం. కర్రపెండలం, కూర అరటికాయ కలిపి రోట్లో దంచిన ముద్ద, మేక మాంసం పులుసు. నమలకుండా మింగాలట. తమ్ముడు అలవాటు పడ్డాడు, నాకు గొంతు దిగలేదు. పులుసు మాత్రం రెండుసార్లు పోయించుకున్నాను. ఎడమచేత్తో గిన్నె అందుకోబోతే వడ్డించేవాడు ఆగిపోయాడు. ఆ పట్టింపు మాకు కొత్త కాదు.

శుక్రవారం

బొన్‌విరే. సన్నటి పట్టీలుగా నేసి కలిపి కుట్టే కెంటే బట్ట నేసే ఊరు. షెడ్డులోకి అడుగు పెట్టగానే చప్పుడు వినపడింది, కానీ మా చప్పుడు కాదు. మా గుంట మగ్గం గంభీరంగా ఠప్పుమంటుంది. ఇది టకటకా తేలిగ్గా, వేగంగా.

మగ్గం నాలుగు గుంజల చట్రం, మంచమంత కూడా ఉండదు. నేసే బట్ట వెడల్పు నాలుగు అంగుళాలు! మా నాన్న చూస్తే జరీ అంచు విడిగా నేస్తున్నారనుకునేవాడు. పడుగు మాత్రం మగ్గం ముందు నుంచి షెడ్డు బయటికి, ఇరవై ముప్ఫై గజాల దూరం నేల మీదుగా పోతుంది. చివర దాన్ని ఒక చెక్కపలక మీద రాయి పెట్టి కట్టేస్తారు. నేసిన కొద్దీ ఆ రాయి నేల మీద ఈడ్చుకుంటూ నేతగాడి వైపు కదులుతుంది. పిల్లలు, కోళ్ళు ఆ పడుగులను తప్పించుకుంటూ తిరుగుతున్నారు. ఒక్కదానికీ కాలు తగలలేదు.

ఒక నేతగాడి పాదాల దగ్గర కూర్చుని చూశాను. పడుగు పోగులను ఎత్తి దించే అచ్చులకు కట్టిన తాళ్ళ చివర్లలో గుండ్రటి బిళ్ళలున్నాయి. వాటిని బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి లాగుతున్నాడు. పాదం ఎత్తడు, వేళ్ళు మాత్రమే కదులుతాయి. ఒక జత అచ్చులు సాదా నేతకి, ఇంకో జత పువ్వుకి. నాడె అరచేతిలో ఇమిడేంత చిన్నది. సాదా బద్దె కొంత, పువ్వు నేసిన నిండు బద్దె కొంత, మళ్ళీ సాదా. పక్క పట్టీతో కలిపి కుట్టినప్పుడు సాదా పక్కన నిండు, నిండు పక్కన సాదా వచ్చి గళ్ళు తేలాలి. కొలకర్ర ఏమీ లేదు, నేసిన ముక్క చివర పట్టుకుని మోకాలి మీద కొలుచుకుంటున్నాడు. మగవాళ్ళు కప్పుకునే నిండు బట్టకి ఇలాంటి పట్టీలు ఇరవై నాలుగు వరకు కలిపి కుట్టాలి.

మా ఊళ్ళో ఆడవాళ్ళు కండెలు చుడతారు, మగ్గమూ నేస్తారు. ఇక్కడ పూర్వం ఆడవాళ్ళు కెంటే మగ్గం ముట్టకూడదు. ఇప్పుడు కొందరు నేర్చుకుంటున్నారని చెప్పాడు. నేను నాడె ఒకసారి వేస్తానంటే కాసేపు ఆలోచించి పక్కకి జరిగాడు. కాలివేళ్ళ మధ్య తాడు నిలవలేదు, పక్కన చూస్తున్న ఆడవాళ్ళు "యా, యా" అని అరుస్తూ చప్పట్లు కొట్టారు.

పట్టు ఈ నేలలో పుట్టదు. రేవుల్లో దిగిన విదేశీ పట్టుబట్టలను కొని, పోగు పోగు విప్పి, ఆ పోగులతోనే కెంటే నేసేవారు. ఇది విన్నప్పుడు నాకు మా ఊరి రుమాళ్ళే గుర్తొచ్చాయి. చీరాల, పేరాల, ఈపూరుపాలెం మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డలు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనే పేరుతో లండన్ మీదుగా పశ్చిమాఫ్రికాకు వెళ్ళేవి. నైజర్ డెల్టాలో కలబారీ వాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు, పెళ్ళికీ చావుకీ అదే కట్టాలి. వాళ్ళ ఆడవాళ్ళు ఆ గుడ్డలో కొన్ని పోగులను కోసి, లాగేసి కొత్త పువ్వు పుట్టిస్తారు. ఎవరో నేసినదాన్ని విప్పి తమది చేసుకోవడం ఆ తీరమంతటా ఉన్న విద్యే. తెల్లవాడి వ్యాపారం వస్తే సంప్రదాయం చచ్చిపోయిందని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, కెంటే రంగులు అంతగా పెరిగింది ఆ వ్యాపారం వల్లే. 2024లో కెంటే నేతకి యునెస్కో జాబితాలో చోటు దొరికింది.

మధ్యాహ్నం ఎన్‌టోన్సో. ఇక్కడ అద్దకం. బదియే అనే చెట్టు బెరడును నానబెట్టి, దంచి, పెద్ద డ్రమ్ముల్లో మరగబెట్టి, వడగట్టి మళ్ళీ మరగబెడితే తారులా చిక్కటి నల్ల రంగు వస్తుంది. ఆనపబుర్ర పెంకు చెక్కి అచ్చులు చేస్తారు. ముందు దువ్వెనలాంటి పుల్లతో గుడ్డ మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో గుర్తు అద్దుతారు. ఒక కుటుంబం వచ్చే వారం జరిగే దినానికి ఎర్రగుడ్డలు అద్దించుకుంటోంది. అసాంటేలకి చావు చాలా పెద్ద కార్యం. ఊరంతా గోడల మీద నిలువెత్తు ఫొటోలతో చావు పోస్టర్లు, కార్యం తేదీ, కట్టాల్సిన రంగుతో సహా.

తిరుగుదారిలో ఎఫిదువాసీ మీదుగా రమ్మన్నాను. చూడటానికి ఏమీ లేదు, మామూలు చిన్న టౌను, మొబైల్ షాపులు, టైలర్లు. "ఇక్కడేముంది అక్కా?" అన్నాడు తమ్ముడు. ఇక్కడ జరిగింది చదివాను కాబట్టి ఆ వీధిలో నడవాలనిపించింది.

అసాంటేలది తల్లి వైపు వంశం. బిడ్డ తల్లి కులానికి చెందుతుంది, ఆ కులాన్ని అబుసువా అంటారు. మగవాడి ఆస్తి కొడుక్కి కాదు, మేనల్లుడికి. కోకో రాకముందు ఇందులో పెద్ద చిక్కు లేదు, పొలం ఊరిది, పంట ఏటికాయేడు. కోకో చెట్టు దశాబ్దాలు కాస్తుంది, డబ్బు కురిపిస్తుంది. మొగుడి తోటలో పెళ్ళాం పదేళ్ళు చాకిరీ చేస్తే, వాడు పోయిన నాడు తోట వాడి అక్క కొడుకుది. ఆవిడ చేతిలో ఏమీ లేదు. దాంతో చాలామంది ఆడవాళ్ళు ఈ పెళ్ళి మాకొద్దని సొంతంగా తోటలు, వ్యాపారాలు చూసుకున్నారు.

అప్పటికి బ్రిటిష్‌వాళ్ళు స్థానిక పెద్దల ద్వారానే పాలించే పద్ధతి మొదలుపెట్టారు. ఆ పెద్దల అధికారం ఎలా తయారైందంటే, 1929 నుంచి 1932 దాకా అసాంటేలో చాలా ఊళ్ళలో దండోరా వేయించి, పెళ్ళికాని ఆడవాళ్ళను పట్టుకొచ్చి నిర్బంధించారు. ఎవరో ఒక మగవాడి పేరు చెప్పి, అతను రుసుము కట్టి చేసుకుంటానంటేనే విడుదల. ఎఫిదువాసీ ఆ ఊళ్ళలో ఒకటి. దొరల ఆఫీసుల్లో దీన్ని "ఆచారం" ఖాతాలో వేసుకున్నారు. ఇది ఏ ఆచారమో ముత్తవ్వలెవరికీ తెలియదు. కోకో డబ్బు, దొర ఇచ్చిన ముద్ర, రెండూ కలిసి పుట్టించిన కొత్త వింత ఇది. పరాయి పాలనలో సంప్రదాయం గురించి రాసేవాళ్ళు ఒక్క బంగారు పీట కథ చెప్పి ఆపేస్తే సగమే చెప్పినట్టు. భార్యకీ పిల్లలకీ వాటా దక్కే చట్టం ఘనాలో 1985లో గానీ రాలేదు.

తమ్ముడు అంతా విని, "మరి ఇప్పుడు?" అన్నాడు. ఇప్పుడు ఏముంది, రోడ్డు పక్కన కూర్చుని ఉల్లిపాయలు అమ్ముతున్న ఆడవాళ్ళ వైపు చూపించాను. మార్కెట్ వాళ్ళదే.

శనివారం

పొద్దున కెజెటియా మార్కెట్. పొరపాటున కూడా లోపల కలుసుకుందాం అనుకోవద్దు, తప్పిపోతారు. ఒక్కో సరుక్కి ఒక్కో రాణి ఉంటుంది. కందగడ్డల రాణి, టమాటాల రాణి. తగాదాలు తీర్చేది, బేరం కుదిర్చేది వాళ్ళే. పేరు రాజమాతల నుంచి తీసుకున్నదే. 1903లో సెకొండి రేవు నుంచి రైలు వచ్చాక కుమాసీ పెరిగింది. కోకోలో డబ్బు చూసి మగవాళ్ళు అటు పోతే, వదిలేసిన సరుకులను ఆడవాళ్ళు అందుకున్నారు.

కోట చిన్నది, ఇప్పుడు సైనిక మ్యూజియం. హాడ్జ్‌సన్ చిక్కుకున్నది ఇందులోనే. తలుపేస్తే చీకటి తప్ప ఏమీ లేని ఖైదు గది ఒకటి ఉంది, గైడ్ మమ్మల్ని లోపలే ఉంచి తలుపు మూశాడు. టూరిస్టులందరికీ అదే చేస్తాడట, నాకు మాత్రం నచ్చలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన ఇక్కడి సైనికుల వస్తువులూ ఉన్నాయి.

మధ్యాహ్నం మన్‌హియా ప్యాలెస్ మ్యూజియం. ప్యాలెస్ అంటే ఊహించుకుని వెళ్ళకండి. రెండంతస్తుల మర్యాదైన బంగళా, మన ఊళ్ళ కలెక్టర్ బంగళాల మాదిరి. 1924లో ప్రెంపేని తిరిగి రానిచ్చాక, పేల్చేసిన పాత భవనానికి బదులుగా 1925లో దొరలే దీన్ని కట్టారు. ఊరికే ఇస్తే వద్దని, దాని ఖరీదు పూర్తిగా చెల్లించాకే ప్రెంపే అడుగుపెట్టాడని గైడ్ గర్వంగా చెప్పాడు. రాజుల, రాజమాతల మైనపు బొమ్మలున్నాయి. ఫొటోలు తీయనివ్వరు.

పై గదిలో అసలు సంగతి. 1874లో దోచుకుపోయిన నగల్లో కొన్ని లండన్‌లో రాణిగారి నగల వ్యాపారి దగ్గరికి చేరి, అక్కడి నుంచి మ్యూజియాలకు అమ్ముడయ్యాయి. నూట యాభై ఏళ్ళకు, 2024లో, రెండు లండన్ మ్యూజియాల నుంచి 32 వస్తువులు ఇక్కడికి వచ్చాయి. అరువు మీద! దోచినవాడు సొంతదారుకి అరువిచ్చాడు. అదే ఏడాది అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన మ్యూజియం ఏడు వస్తువులను పూర్తిగా తిరిగి ఇచ్చేసింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వడం వాళ్ళకీ వచ్చు. రాజు ఆత్మను శుద్ధి చేసేవాళ్ళు మెడలో వేసుకునే బంగారు బిళ్ళ ఒకటి చాలాసేపు చూశాను. అరచేయంత వెడల్పు, మధ్యలో బొడిపె, చుట్టూ సన్నటి తీగ చుట్లు. మైనంతో చేసి, మట్టి పూసి, మైనం కరిగించి బంగారం పోసే పద్ధతి.

బంగారు పీట ఇక్కడ లేదు, ఉండదు. 1900లో దాన్ని భూమిలో దాచారు. 1920లో రోడ్డు పనివాళ్ళకి అది తగిలితే, దాచినవాళ్ళలోనే కొందరు దాని మీది బంగారు నగలు దొంగిలించి అమ్ముకున్నారు. ఊళ్ళు అట్టుడికిపోయాయి. అప్పటికి ప్రభుత్వం రాట్రే అనే అధికారిని ఆచారాల పరిశీలనకే నియమించబోతోంది, పీట అంటే ఏమిటో దొరలకి తెలిసొచ్చింది. ఈసారి పీట అడగలేదు. నేరస్థుల విచారణ అసాంటే పెద్దలకే వదిలేశారు. వాళ్ళు మరణశిక్ష వేస్తే దొరలు దాన్ని దేశబహిష్కారంగా మార్చారు. ఇరవై ఏళ్ళ క్రితం దానికోసం యుద్ధం చేసినవాళ్ళే! సరిగ్గా అదే సమయంలో మా చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఇళ్ళొదిలి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. అక్కడి దొర మాత్రం ఏమీ నేర్చుకోలేదు.

ఆదివారం

అక్వాసిదాయే. ప్రతి నలభై రెండు రోజులకొకసారి వచ్చే ఆదివారం పండగ. మా ప్రయాణం ఈ తేదీ చూసుకునే పెట్టుకున్నాం, మీరు వెళ్ళినా అలాగే చేయండి.

అసలు పూజ జనం చూసేది కాదు. పోయిన రాజుల పీటలను నల్లగా మసిబట్టించి ఒక గదిలో భద్రపరుస్తారు. రాజు వాటికి మెదిపిన కందగడ్డ నైవేద్యం పెట్టి, పెద్దల పేర్లు చెప్పి మద్యం ధారపోస్తాడు. ఇలాంటి ధార క్రైస్తవులకి తగదని మిషనరీలు చాలాకాలం గొడవపెట్టారు. చర్చికీ పీటకీ మధ్య నలిగిన పెద్దలు ఎందరో. ఇప్పుడు పొద్దున చర్చికి వెళ్ళి, అటునుంచి అటే ప్యాలెస్‌కి వస్తున్నవాళ్ళు మా పక్కనే నిలబడ్డారు.

పది దాటాక డప్పులు మొదలయ్యాయి. మనిషి ఎత్తు ఫోంటొమ్‌ఫ్రోమ్ డప్పులు, ఏనుగు దంతం బూరలు. ఇంటి పైకప్పంత గొడుగులు ఎగిరెగిరి పడుతుండగా వాటి కింద ఒటుంఫువో ఒసేయ్ టూటూ II వచ్చి కూర్చున్నారు. 1999 నుంచి ఆయనే అసాంటేహెనే, అంటే అసాంటేలందరికీ రాజు. ముంజేతుల నిండా బంగారం, కెంటే బట్ట. చుట్టూ బంగారు పిడుల కత్తులు పట్టుకున్న కుర్రాళ్ళు, బంగారు బొమ్మల కర్రలతో ఒచెయామే అనే మాటకారులు. రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడరు, మాట ఒచెయామే ద్వారానే పోతుంది, తిరిగి వస్తుంది. దండం పెట్టడానికి వచ్చే పెద్దలు చెప్పులు విడిచి, భుజం మీది బట్ట కిందికి జార్చి నిలబడతారు. మన గుళ్ళో చొక్కా విప్పినట్టే.

ఎండకి కళ్ళు తిరిగి నేను గోడ నీడకి చేరాను. తమ్ముడు వరుసలో నిలబడి రాజు దగ్గరి దాకా వెళ్ళొచ్చాడు. "ఏమన్నార్రా?" అంటే, "నన్నెవరూ చూడలేదక్కా, వెనకాల ఎవరో మంత్రి వచ్చాడు" అన్నాడు.

సోమవారం

అక్రాకి తిన్నగా పోకుండా దక్షిణంగా తీరానికి దిగి ఎల్మినా మీదుగా వెళ్ళాం. 1482లో పోర్చుగీసువాళ్ళు కట్టిన కోట. బానిసల చీకటి గదులు చూశాక మాట రాలేదు, వాటి గురించి ఇక్కడ నాలుగు ముక్కల్లో రాయను. నేను వచ్చింది పై అంతస్తులో ఒక గది కోసం. 1896లో తీసుకొచ్చిన ప్రెంపేని మొదట ఉంచింది అందులోనే. బోర్డు ఉంది. చిన్న గది, అన్ని వైపులా సముద్రం హోరు.

ఇక్కడి నుంచి సియెర్రా లియోన్, 1900లో సీషెల్స్. అక్కడ బాప్తిస్మం తీసుకుని ఎడ్వర్డ్ అయ్యాడు, ఇంగ్లీషు నేర్చాడు, 1907లో తన వంశ చరిత్ర రాయించాడు. తల్లి 1917లో అక్కడే పోయింది. 1924లో తిరిగి రానిచ్చినప్పుడు ప్రభుత్వం లెక్కలో అతను రాజు కాదు, మిస్టర్ ఎడ్వర్డ్ ప్రెంపే అనే మామూలు పౌరుడు. కుమాసీ జనం లెక్క వేరు. రెండేళ్ళకి ప్రభుత్వం దిగొచ్చి కుమాసీ వరకు రాజు అని ఒప్పుకుంది, అసాంటే మొత్తానికి కాదు. అతను 1931లో పోయాడు. అసాంటే సమాఖ్యను తిరిగి నిలబెట్టింది 1935 జనవరిలో. అప్పుడు అసాంటేహెనేగా గద్దె ఎక్కినవాడు ప్రెంపే కొడుకు కాదు, మేనల్లుడు. దొరలు ఆ ప్రకటన చదువుతుంటే, వారసుణ్ణి మాత్రం ఎప్పటిలాగే అమ్మ వైపు నుంచే ఎంచుకున్నారు.

"అంటే మన ఇంట్లో అయితే మగ్గం నా కొడుక్కి కాదు, నీ కొడుక్కి వచ్చేదన్నమాట" అన్నాడు తమ్ముడు బస్సెక్కుతూ. మగ్గమే లేదు కదరా అన్నాను.